రెండవ దారి, ఎఱ్ఱ దీపము: పాత కారుల బ్రేకులను గూర్చి ఒక సమీక్ష

హైదరాబాదునుండి పడమరగా సాగు రాజమార్గమున, మునుపు తొమ్మిదవదిగాను నేడు అరువదియైదవదిగాను లెక్కింపబడు ఆ జాతీయ రహదారిపై, సుమారు నూరు కిలోమీటర్లు పోయినచో జహీరాబాదు వచ్చును. అచ్చట రహదారి విడిచి ఝరాసంగమునకు మరలిన దారి, మహాశివరాత్రినాడు కేతకీ సంగమేశ్వరుని దర్శనమునకై కదలివచ్చు జనముతోను, గానుగకాలమున చెరకు బండ్లతోను, ఏ కాలమందైనను మేతకు పోవు పశువులతోను నిండియుండును. అట్టి దారిలో వాహనమునకు పరుగుకంటె నిలుపుదల ముఖ్యము. ఆ నిలుపుదల యావత్తును డ్రైవరు పాదముక్రింద నున్న వ్రేలెడు లావు సిలిండరుపై ఆధారపడియున్నది.

ఈ ప్రాంతమునకు మోటారు విద్యతోడి సంబంధము దారివలన మాత్రమే ఏర్పడలేదు. 1942లో నిజాము రాజ్యమున పుట్టిన ఆల్విన్ సంస్థ, జపాను దేశపు నిస్సాన్‌తో చేయి కలిపి, 1980లలో తేలికపాటి ట్రక్కుల కర్మాగారమును నెలకొల్పినది జహీరాబాదుననే. పిదప అది మహీంద్రా వశమై నేడు ట్రాక్టరులకు పేరుపొందినది. ఆ దశాబ్దమున దేశమున ప్రవేశించిన జపాను తరహా ట్రక్కులును, 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800ను, రెండు వేర్వేరు మార్గములు గల హైడ్రాలిక్ బ్రేకును మన మెకానిక్కులకు నిత్యపరిచితము గావించెను. వానికి ముందు తరమునకు చెందిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మోరిస్ మైనర్ మొదలగు కారులు మాత్రము ఒకే మార్గముతో పుట్టి, చాలకాలము ఒకే మార్గముతోనే బ్రతికినవి. తాతల కాలపు కారును షెడ్డునుండి వెలికిదీసి, రంగు వేయించి, తిరిగి రోడ్డెక్కించు వేడుక మన నగరములలోను పట్టణములలోను పెరుగుచున్న యీ దినములలో, ఆ బ్రేకును ఉన్నదున్నట్లు ఉంచవలెనా, రెండు మార్గములుగా చీల్చవలెనా అను వాదము నానాటికి చిక్కుపడుచున్నది.

చిక్కునకు హేతువు, మూడు ప్రశ్నలు ఒక్క ప్రశ్నయై కలిసిపోవుట. రెండవ మార్గము అవసరమా? అవసరమైనచో నాలుగు చక్రములను రెండు మార్గములకు ఎట్లు పంచవలెను? ఒక మార్గము చెడినపుడు ఆ సంగతిని నడుపువానికి ఎవరు చెప్పవలెను? మొదటి రెండింటిని గూర్చి వాదించువారు పెక్కురు. మూడవదానిని ఒక చిన్న స్విచ్చుకు, ఒక ఎఱ్ఱ దీపమునకు వదలిపెట్టి ముందునకు సాగిపోవుదురు. నా దృష్టిలో వాదమంతకును కీలకమైనది ఆ మూడవ ప్రశ్నయే.

ఒకే గొట్టము, ఒకే విశ్వాసము

హైదరాబాదు చౌమహల్లా భవనమున నున్న 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌ను చూచినవారు దాని సింహాసనమువంటి ఆసనమును మెచ్చుకొందురే కాని, ముందు చక్రములవంక వంగి చూడరు. ఆ చక్రములకు బ్రేకులు లేవు. ఆ కాలపు కారులలో కడ్డీలును తీగలును లాగి వెనుక భాగమును మాత్రమే పట్టి నిలుపు పద్ధతి యుండెను. కడ్డీల పద్ధతికి ఒక సుగుణము కలదు: ఒక కడ్డీ విరిగినను తక్కినవి పనిచేయును. దుర్గుణమో, నాలుగు చక్రములపై సమానమైన ఒత్తిడి పెట్టుట దానికి దుస్సాధ్యము. ఒక ప్రక్క బిగువు, ఒక ప్రక్క వదులు ఏర్పడి కారు ఒరిగి లాగును.

ద్రవపీడనము ఈ దుర్గుణమును మూలమంట తొలగించినది. మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకును సమముగా ప్రసరించునని పదునేడవ శతాబ్దమున పాస్కల్ తేల్చిన సూత్రమును చక్రములను ఆపుటకు అన్వయించి, అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ 1917లో పేటెంటు పొందెను. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు, 1924లో క్రైస్లర్ కారు నాలుగు చక్రములకును హైడ్రాలిక్ బ్రేకులతో వెలువడెను. ఫోర్డు సంస్థ మాత్రము 1939 నమూనాలవరకు కడ్డీలను వదలలేదు. ఆ జాగును మూఢత్వమని కొట్టివేయరాదు. ఒక రబ్బరు గొట్టము చిట్లినచో నాలుగు చక్రములును ఒక్కసారిగా నిరాయుధములగునను భయము దానియందు కలదు, ఆ భయము సహేతుకమే.

లెక్క వేసి చూచినచో ఈ పద్ధతి బలమును బలహీనతయు ఒకేసారి తెలియును. పాదము పెడలుపై 300 న్యూటన్ల బలము చూపినదనుకొందము, అనగా ముప్పది కిలోల బరువు. పెడలు తులాదండమై దానిని అయిదింతలు చేయగా 1,500 న్యూటన్లు మాస్టర్ సిలిండరు పిస్టనుపై పడును. ఆ సిలిండరు వ్యాసము ముక్కాలంగుళమైనచో లోని ద్రవమున చదరపు సెంటీమీటరునకు యాబది కిలోలకు మించిన ఒత్తిడి పుట్టును; అంగుళములో ఎనిమిదింట ఏడు వంతుల వ్యాసము గల చక్రపు సిలిండరులో ఆ ఒత్తిడియే రెండువేల న్యూటన్ల త్రోపుడై, బ్రేకు షూను డ్రమ్మునకు అదిమిపట్టును. ముప్పది కిలోల పాదము ప్రతి షూ వద్దను రెండువందల కిలోల చేయి యగుచున్నది. ఇంతటి ఒత్తిడిని అంచున నిలిపియుంచునది బొటనవ్రేలి గోరంత రబ్బరు వాషరు. తొలినాళ్ళలో బ్రేకు ఆయిలు ఆముదమును ఆల్కహాలుతో కలిపి చేసినది. పాలమూరు మెట్టలలో ఆముదపు పంటను ఎరిగిన తెలంగాణ పాఠకునకు ఈ సంగతి ఆప్యాయముగా తోచవచ్చును. తరువాతి గ్లైకాల్ ద్రవములు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలవి. ఏండ్లు గడచినకొలది ఆ నీరు లోపలి లోహమునకు తుప్పు పట్టించును, తుప్పు వాషరును గీరును, గీరిన వాషరు కారును. షెడ్డులో కదలక నిలిచిన కారునకు ఈ వ్యాధి నిత్యము నడచు కారునకంటె త్వరగా సోకును.

దారి రెండైన విధము

ఒకే మార్గముపై అవిశ్వాసము మొదటినుండియు ఉన్నదే. 1936లో హడ్సన్ సంస్థ, ద్రవము విఫలమై పెడలు మామూలు హద్దు దాటి క్రిందికి దిగినచో, ఆ మిగిలిన దిగుబడితోనే కడ్డీల ద్వారా వెనుక చక్రములను పట్టు ఏర్పాటు చేసెను. సొగసైన ఆలోచన; ఏలనో తక్కినవారు దానిని విస్తృతముగా అనుసరింపలేదు. 1962 నమూనాలలో కాడిలాక్, రాంబ్లర్ కారులకు రెండు గదుల మాస్టర్ సిలిండరు వచ్చెను. స్వీడను దేశపు సాబ్ సంస్థ ఆ తరువాత కొలదికాలమునకే చక్రములను మూలకు మూల జతచేయగా, 1966లో వోల్వో 140 వరుస మూడేసి చక్రముల జతను తెచ్చెను.

అమెరికాలో 1965లో కారుల భద్రతను గూర్చిన రాల్ఫ్ నాడర్ గ్రంథము రేపిన కలకలము, 1966 నాటి వాహన భద్రతా చట్టము ఒకదానివెంట నొకటి రాగా, ప్రభుత్వము తాను కొను 1967 నమూనాలకు మొదట, 1968 జనవరి 1 నుండి ప్రయాణికుల కారులన్నిటికిని పిదప, చీలిన బ్రేకు మార్గములును, వైఫల్యమును తెలుపు దీపమును తప్పనిసరి యయ్యెను. చట్టము రెండవ మార్గమును ఒంటరిగా అడుగలేదు, దీపముతో కలిపి అడిగినది. ఆ జంటను విడదీసి చూచుట తరువాతివారి పొరపాటు. ఇంగ్లండునుండి అమెరికాకు ఎగుమతియగు ఎం.జి.బి. కారు 1968 నాటికే జంట మార్గమును, దీపమును ధరింపగా, అదే కారు స్వదేశమున 1970ల చివరి భాగమువరకు ఒకే మార్గముతో అమ్ముడుపోయెను. ఒకే ఫ్యాక్టరీ, ఒకే పనివారు, రెండు రకముల క్షేమము. మన దేశమున 1962లో మద్రాసునందు బ్రేక్స్ ఇండియా సంస్థ వెలసి బ్రేకు భాగములు స్వదేశముననే తయారగుచున్నను, పాత నమూనాలు మూసిన విపణిలో దశాబ్దములు మార్పులేక సాగినందున జంట మార్గము సామాన్యుని కారునకు చేరుటకు చాల ఆలస్యమైనది.

జంట సిలిండరు అంతరంగము

టాండెమ్ మాస్టర్ సిలిండరు అనునది ఒకే గొట్టములో ఒకదాని వెనుక నొకటి నిలిచిన రెండు పిస్టనులు. పాదమువైపు పిస్టనును పెడలు కడ్డీ స్వయముగా త్రోయును. ఆవలి పిస్టను దేనికిని అంటక, మధ్యనున్న ద్రవపు ఒత్తిడిచేతను స్ప్రింగుచేతను ముందుకు జరుగును. రెండు పిస్టనుల ముందునను రెండు గదులు, రెండు గదులనుండి రెండు మార్గములు. పైనున్న ఆయిలు డబ్బాలో నడుమ అడ్డుగోడ యుండుటచేత ఒక మార్గము కారిపోయినను రెండవదాని వాటా నిలుచును.

పాదమువైపు మార్గము చిట్లినచో మొదటి గదిలో ఒత్తిడి నిలువదు. పిస్టను ఖాళీగా సాగిపోయి ఆవలి పిస్టనును లోహముతో లోహము తాకి త్రోయును, ఆవలి మార్గము పనిచేయును. ఆవలి మార్గము చిట్లినచో ఆ పిస్టను గొట్టపు తుదివరకు పోయి ఆగును. అది ఆగినపిదప మొదటి గదిలో ఒత్తిడి పుట్టును. రెండు సందర్భములందును మూల్యము ఒక్కటే, పెడలు మామూలుకంటె చాల లోతునకు దిగుట. ఇచ్చటనే ఉత్సాహవంతులు గమనింపని మర్మము కలదు. డ్రమ్ము బ్రేకులలో లైనరు అరిగినకొలది షూ డ్రమ్మును తాకుటకే పెడలు సగము దిగును. చేతితో అడ్జస్టు చేయు పాత కారులలో ఆ అరుగుదల తీర్చుట యజమాని శ్రద్ధపై ఆధారపడును. అరుగుదల ముందే సగము దిగుబడిని తినివేసియున్నచో, ఒక మార్గము చెడిననాడు మిగిలిన సగము రెండవ మార్గమునకు చాలక పెడలు నేలను తాకును. రెండు మార్గములుండియు బ్రేకు లేకపోవుట అనగా నిదియే. అడ్జస్టు చేయని జంట మార్గముకంటె, నెలనెల అడ్జస్టు చేయు ఒంటి మార్గమే మేలని పాత మెకానిక్కులు పలుకుమాటలో అతిశయము కొంత యున్నను, సత్యము చాల యున్నది.

పంపకమును గూర్చిన మతభేదములు

బ్రేకు వేసినపుడు కారు బరువు ముందుకు మొగ్గును. అందుచేత నిలుపుదలలో ముందు చక్రముల వాటా మూడింట రెండు వంతులకు చేరువగా నుండును. ఈ సత్యము నుండియే మతములన్నియు బయలుదేరినవి.

ముందు రెండు ఒక మార్గము, వెనుక రెండు ఒక మార్గము అనునది సరళమైన మతము; గొట్టములు తక్కువ, వెనుక నుండి నడచు పాత కారునకు సహజము. దాని లోపము స్పష్టము: వెనుక మార్గము చెడినచో నష్టము కొంచెము, ముందు మార్గము చెడినచో నష్టము కొండంత. మూలకు మూల జతచేయు మతమున ఏది చెడినను సగము బలము నిశ్చయముగా మిగులును. కాని ఒకే ముందు చక్రము పట్టుటచేత స్టీరింగు ఒకవైపునకు లాగును. 1972 నాటి ఆడి 80లో ముందు చక్రపు నిలువు ఇరుసురేఖను నేలపై టైరు మధ్యభాగమునకు వెలుపల తాకునట్లు అమర్చి, ఆ లాగుడును కారే దిద్దుకొనునట్లు చేసిరి. ఆ అమరిక లేని అంబాసిడరునకు గాని మోరిస్‌కు గాని మూలకు మూల పంపకము నేను మెచ్చను.

వోల్వో మతము మూడవది. ప్రతి మార్గమును ముందు రెండు చక్రములను, వెనుక ఒకదానిని పట్టును. ఒకటి చెడినను అయిదింట నాలుగు వంతుల బలము మిగులునని దాని వాదము. అందులకై ముందు డిస్కుల వద్ద రెండేసి జతల పిస్టనులు కావలెను. రెండు మార్గములును ఒకే చక్రమున కలియుటచేత, ఆ చక్రమునొద్ద ప్రమాదమో మరుగుడో సంభవించినచో రెండును ఒక్కసారిగా పోవు అవకాశము కలదను ఆక్షేపణకు నేటికిని తృప్తికరమైన సమాధానము రాలేదు.

ఈ మూడింటికిని వెలుపల నిలిచిన వృద్ధమతము ఒకటి కలదు. చేతి బ్రేకే రెండవ మార్గము, అది తీగతో పనిచేయును, ద్రవముతో నిమిత్తము లేదు, కావున వేరొకటి యనవసరము అని. మన 1989 నాటి మోటారు వాహన నియమములును పాదపు బ్రేకును, పార్కింగు బ్రేకును రెండు స్వతంత్ర వ్యవస్థలుగా కోరుచున్నవి. కాని లెక్క ఈ మతమునకు అనుకూలముగా లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు, గురుత్వ త్వరణములో పదింట ఏడు వంతుల మందనముతో, పాదము పడిన పిదప సుమారు 20 మీటర్లలో ఆగును. వెనుక చక్రములను మాత్రమే పట్టు చేతి బ్రేకుతో పదింట రెండు వంతులే లభించినచో 70 మీటర్లు కావలెను. తిరునాళ్ళ జనము నడుమ ఆ యాబది మీటర్ల భేదమున ఎందరుందురో ఊహించుట కష్టము కాదు. పైగా పెడలు కూలిన క్షణమున చేయి బ్రేకును వెదకుటకు పట్టు ఒక్క సెకనులో ఇంకొక 17 మీటర్లు సుమారుగా గడచిపోవును.

ఎఱ్ఱ దీపము చెప్పునది, చెప్పనిది

రెండవ మార్గము చేయు మహోపకారములోనే ఒక అపకారము దాగియున్నది: అది మొదటిదాని మరణమును కప్పిపుచ్చును. ఒంటి మార్గపు కారు చెడినపుడు ఘోరముగా చెడును, కాని దాచదు. జంట మార్గపు కారులో, విశేషించి వెనుక మార్గము మెల్లమెల్లగా కారిపోయినచో, ముందు చక్రములే పని యంతయు చేయుచుండుటచేత నడుపువాడు వారములు గమనింపకపోవచ్చును. పెడలు దిగుబడియే చాలిన హెచ్చరిక యను వాదమును ఇదియే పడగొట్టుచున్నది. లోతు పెడలుకు అలవాటుపడిన పాదము మరికొంత లోతును రోగముగా గుర్తింపదు. ఒకటి చెడిన సంగతి తెలియకున్నచో రెండవది చెడువరకు కారు నడచును. ఆనాడు జంట మార్గమును ఒంటి మార్గమును ఒక్కటే.

అందుచేతనే దీపము. దానిని వెలిగించు పద్ధతులు రెండు.

మొదటిది ఒత్తిడి భేదమును కొలుచునది, 1960, 70ల నాటి ఇంగ్లీషు, అమెరికా కారులలో విరివిగా కనిపించునది. ఒక చిన్న లోహపు దిమ్మెలో అడ్డముగా ఒక గొట్టము. అందులో ఇటునటు జరుగగల పిస్టను, దానిని షటిల్ అందురు. మగ్గపు నాడెవలె మధ్యన నిలిచి ఇరువైపులకు పోగలదు. ఒక కొనపై ముందు మార్గపు ఒత్తిడి, రెండవ కొనపై వెనుక మార్గపు ఒత్తిడి. రెండును సమమైనంతకాలము షటిల్ నడుమ నిలుచును. దాని నడుము చుట్టు నున్న గాడిలో పైనుండి దిగిన స్విచ్చు మొన విశ్రమించియుండును. ఒకవైపు ఒత్తిడి పడిపోగానే, బ్రేకు తొక్కిన మరుక్షణమున షటిల్ ఆవైపునకు ఎగిరిపడును, గాడి అంచు మొనను పైకెత్తును, స్విచ్చు దీపపు తీగను కారు శరీరమునకు తాకించును, దీపము వెలుగును. విద్యుత్తు కొలుచునది ఏమియు లేదు. రెండు ద్రవముల తగవులో ఓడినవైపునకు త్రోయబడిన లోహఖండము చేయు సైగ మాత్రమే. ఈ సరళతను చూచి ఆనందింపక తప్పదు.

మరమ్మతు ముగిసిన పిదప కొన్ని కారులలో షటిల్ స్ప్రింగుల సాయముతో తనంతట మధ్యకు రాగా, పెక్కింటిలో రాదు. అపుడు ఆరోగ్యముగా నున్న మార్గపు గాలి తీయు బ్లీడింగ్ స్క్రూను కొంచెము తెరచి, పెడలును మెల్లగా అదిమి, దీపము ఆరిన క్షణముననే పాదమును ఆపవలెను. ఒకింత గట్టిగా తొక్కినను షటిల్ రెండవ తుదికి పోయి దీపము తిరిగి వెలుగును. గాలి తీయుటలో ఆరితేరిన మెకానిక్కు సైతము ఈ సంగతి తెలియక, బాగైన బ్రేకును చెడినదిగా భ్రమించి మరల విప్పుటయు, విసిగి దీపపు తీగను పీకివేయుటయు కలవు. ఆ పీకిన తీగతో కారు ఎన్ని చేతులు మారునో.

ఈ సాధనమునకు తనదైన రోగమును కలదు. షటిల్ రెండు కొనలవద్ద నున్న రబ్బరు చుట్లు కాలక్రమమున చెడినచో ద్రవము నడుమకు చేరి స్విచ్చుగుండ బయటకు ఊరును. స్విచ్చు తీగ మొదట తడి కనిపించినచో ఎంత మాత్రమును ఉపేక్షింపరాదు. కాపలావాడే ఇంటికి కన్నము వేసిన విధమది. దశాబ్దములు కదలని షటిల్ తేమకు తుప్పుపట్టి ఉన్నచోటనే బిగిసిపోవుటయు సామాన్యము.

రెండవ పద్ధతి ఆయిలు మట్టమును కనిపెట్టునది. డబ్బాలో తేలు బెండు, దానితో ఒక అయస్కాంతము. మట్టము తగ్గినచో స్విచ్చు కలిసి దీపము వెలుగును. దీని గుణము ముందుచూపు. పైపు చిట్లకమునుపే, మెల్లని కారుడును, డిస్కు ప్యాడుల అరుగుదలను ఇది సూచించును. మలుపులలో మిణుకుమనుటతో మొదలిడి క్రమముగా హెచ్చరించును. ఇంకను, దీనిలో ద్రవపు ఒత్తిడికి లోనగు భాగమేదియు లేదు, కావున అది స్వయముగా కారదు. కాని మాస్టర్ సిలిండరు లోపలి వాషరే చెడి ద్రవము ఒక గదినుండి తిరిగి డబ్బాలోనికే చేరుచున్నచో, మట్టము తగ్గదు, దీపము వెలుగదు, బ్రేకు మాత్రము దిగిపోవుచుండును. ఒత్తిడి పద్ధతి దానిని పట్టును, మట్టపు పద్ధతి పట్టలేదు. మెల్లని కారుడును మట్టపు పద్ధతి ముందే పట్టును, ఒత్తిడి పద్ధతి చివరి ఘడియవరకు పట్టలేదు. ద్రవము వేడికి మరిగి ఆవిరి బుడగలు రెండు మార్గములందును సమముగా పుట్టినచో రెండు పద్ధతులును మూగబోవును. కొత్త డాట్ 3 ద్రవము 205 డిగ్రీల సెల్సియస్‌వరకు మరుగకుండ నుండవలెనని ప్రమాణము. తేమ పీల్చినపుడు ఆ హద్దు 140కి దిగును. తీర్మానము చేయవలసివచ్చినచో, పాత కారునకు మట్టపు స్విచ్చు ఎక్కువ ఉపకారియని నేను చెప్పుదును. రెండును ఉన్నచో మరియు మేలు.

ఏ పద్ధతియైనను దీపమునకు ఒక స్వభావదోషము తప్పదు. వెలుగని దీపము క్షేమమునకు గుర్తు కావచ్చును, మాడిన బల్బునకు గుర్తు కావచ్చును, తెగిన తీగకు గుర్తు కావచ్చును. ఈ దోషము నెరిగియే కొందరు నిర్మాతలు దీపమునే నొక్కి పరీక్షించు స్విచ్చు నమర్చిరి. కొందరు ఇగ్నిషను త్రిప్పునపుడు క్షణకాలము వెలుగునట్లు చేసిరి. మరికొందరు చేతి బ్రేకునకును అదే దీపమును జతచేయగా, చేతి బ్రేకు లాగిన ప్రతిసారియు బల్బు బ్రతికియున్నదని తెలియవచ్చినది. ఈ చివరి ఉపాయము అతి చవుకయైనది, అతి తెలివియైనది. అయినను అది బల్బును మాత్రమే పరీక్షించును, షటిల్‌ను కాదు, స్విచ్చునకు పోవు తీగను కాదు.

మార్చవలెనా, ఉంచవలెనా

మూలరూపవాదులు చెప్పునది తేలికగా త్రోసివేయదగినది కాదు. పాత కారు ఒక చారిత్రక పత్రము. దాని బ్రేకు కూడ ఆ కాలపు ఆలోచనకు సాక్షి. మాస్టర్ సిలిండరు డ్రైవరు కాళ్ళక్రింది నేలలో, ఒక మూతక్రింద ఇమిడియున్న మోరిస్ మైనర్ వంటి కారులో, పొడవైన టాండెమ్ సిలిండరునకు చోటు చేయుటకు కోత కోయక తప్పదు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము చేసిన వింటేజి వాహనముల నియమములు యాబది యేండ్లు దాటి మూలరూపమున నున్న వాహనమునకు 'వి.ఏ.' అక్షరములు గల ప్రత్యేక నంబరును, పదేండ్ల రిజిస్ట్రేషనును ఇచ్చుచున్నవి. మూలరూపమునకు భంగముగా ఆ నిర్వచనము పేర్కొను మార్పులు చాసిస్, బాడీ, ఇంజనులకు సంబంధించినవి. బ్రేకు గొట్టమును చీల్చుట అందులోనికి వచ్చునా రాదా యని యజమానులు సందేహించుటకు కావలసినంత అవకాశమున్నది.

సంస్కరణవాదుల తర్కము రోడ్డుపై నుండి వచ్చినది. కారు మ్యూజియములో నిలిచినంతకాలము అది యజమాని సొత్తు; రోడ్డెక్కినంతనే దాని బ్రేకు ఎదుటివాని ప్రాణమునకు సంబంధించినది. ఈ వాదము నాకు బలమైనదిగా తోచుచున్నది. కాని సంస్కరణ పేరిట జరుగు పనులలో పెక్కింటిని సమర్థింపజాలను. వేరొక కారు టాండెమ్ సిలిండరును దొరికినది దొరికినట్లు బిగించుట ఇందులో మొదటిది. పాత సిలిండరు వ్యాసము ముక్కాలంగుళమై, కొత్తదాని వ్యాసము అంగుళములో ఎనిమిదింట ఏడు వంతులైనచో, వైశాల్యము మూడవ వంతునకు మించి పెరిగి, అదే పాదపు బలమునకు ఒత్తిడి నూటికి డెబ్బదిమూడుకు దిగును. పెడలు గట్టిగా, పొట్టిగా తోచుటచేత యజమాని మురియును. కారు మాత్రము దూరముగా పోయి ఆగును. డ్రమ్ము బ్రేకులకు గొట్టములలో కొంచెపు ఒత్తిడిని నిలిపియుంచు వాల్వు కావలెను, డిస్కులకు అంతటిది కూడదు. డిస్కుల సిలిండరును డ్రమ్ములకు తెచ్చువారు దీనిని మరతురు. వెనుక స్టాప్ లైటు సంగతియు కలదు. పాత కారులలో ఆ దీపపు స్విచ్చు బ్రేకు గొట్టములోని ఒత్తిడితోనే పనిచేయును. మార్గమును చీల్చిన పిదప అది ఒక మార్గముననే ఉండిపోవును, ఆ మార్గము చెడిననాడు వెనుక వచ్చువానికి ఎఱ్ఱ దీపము కనిపింపదు. పెడలునకే స్విచ్చు పెట్టుట ఇందులకు మందు, చేయువారు అరుదు.

అన్నిటికంటె పెద్ద లోపము, టాండెమ్ సిలిండరు పెట్టి హెచ్చరిక దీపము పెట్టకపోవుట. వేలు ఖర్చుచేసి రెండవ మార్గము కొన్నవారు మట్టపు స్విచ్చు గల మూతను, నాలుగు గజముల తీగను, ఒక బల్బును అనవసరమని వదలివేయుట చూచినచో బాధ కలుగుచున్నది. ఉన్న ఒంటి మార్గమును మార్చలేని యజమాని సైతము తన డబ్బాకు అట్టి స్విచ్చునైనను అమర్చుకొనవచ్చును. కారు శరీరమునకు కోత పడదు, మూలరూపమునకు కొరత రాదు, తిరిగి తీసివేయుటకు అర్ధగంట చాలును. రెండు పక్షములును అంగీకరింపదగిన మధ్యమార్గము ఇంత చేరువనుండగా వివాదమున దాని ప్రస్తావనయే వినరాకుండుట వింత.

తేలకుండ మిగిలినవి

వెనుక నుండి నడచు, నాలుగు డ్రమ్ములు గల కారునకు ముందు–వెనుక పంపకమే తగినదని చాలమంది అంగీకరించినను, ముందు మార్గము చెడినచో మిగులు బలము నేటి ట్రాఫిక్కునకు చాలునా అనునది తేలలేదు. తేమ పీల్చని సిలికాను ద్రవము షెడ్డులో నిలుచు కారునకు వరమని కొందరు, అది స్వల్పముగా కుదించుకొనుటచేత పెడలు మెత్తబడునని, ఒత్తిడితో పనిచేయు స్టాప్ లైటు స్విచ్చులు దానిలో త్వరగా పాడగునని మరికొందరు వాదింతురు. గ్లైకాలుతో దానిని కలుపరాదనుటలో మాత్రమే ఏకాభిప్రాయము కలదు.

పరీక్ష ఎవరిదను ప్రశ్నయు మిగిలినది. పదునైదేండ్లు దాటిన సొంత కారు రిజిస్ట్రేషనును అయిదేండ్లకొకసారి పునరుద్ధరించుకొనవలెను. ఆ సందర్భమున బ్రేకు పట్టుచున్నదా యని చూచుట సులభము. ఒక మార్గము పట్టనినాడు దీపము వెలుగుచున్నదా యని చూచుట వేరు పని. అందులకు ఇగ్నిషను వేసి, వెనుక చక్రమునొద్ద బ్లీడింగ్ స్క్రూకు గొట్టము తగిలించి తెరచి, లోన ఒకరు పెడలు తొక్కుచుండగా డ్యాష్‌బోర్డువంక చూడవలెను. షటిల్ బ్రతికియున్నచో దీపము వెలుగును. పిదప స్క్రూ బిగించి, ఎదుటి మార్గపు స్క్రూను తెరచి, పెడలును నెమ్మదిగా అదిమి దీపమును ఆర్పవలెను. ఇందులకు పట్టునది పావుగంట. పోవునది నాలుగు చెంచాల బ్రేకు ఆయిలు. కావలసినది ఇద్దరు మనుష్యులు. దీనిని యజమాని చేయవలెనా, మెకానిక్కు చేయవలెనా, రవాణా కార్యాలయపు ఇన్‌స్పెక్టరు చేయవలెనా అనుదానిని గూర్చి పాత కారుల ప్రియులు ఇంకను కూర్చుండి మాటలాడుకొనవలసియున్నది.